ఎండాకాలంలో గాలం: ఒక్క చేపా పడకుండా వేటాడే 9 చిట్కాలు

ఎండాకాలంలో ఇంటి పని తప్పించుకోవాలంటే గాలాన్ని మించిన సాధనం లేదు. నీళ్ల బిందెలు మొయ్యాలి, వడియాల దగ్గర కాకుల్ని తోలాలి, మిద్దె మీద మిరపకాయలు ఆరబొయ్యాలి. గాలపు కర్ర భుజాన పెట్టుకున్నవాణ్ణి ఈ పనులకు ఎవరూ పిలవరు. భయపడాల్సింది ఒక్కటే: చేప పడటం. పడిందా, పొలుసు గీకాలి, పక్కింటికి పంచాలి, రేపు మళ్లీ పొమ్మంటారు. సీతారామపురం, ఉదయగిరి, ఆత్మకూరు వైపు అన్నదమ్ముల మేలు కోరి, ఏళ్ల తరబడి ఖాళీ సంచితో ఇంటికొచ్చిన అనుభవంతో చెబుతున్నాను. పాటించండి.

1. నీళ్లు లేని చోటు చూసుకోండి. వానాకాలంలో పెన్నకు నీళ్లు మోసే బొగ్గేరు మే నెలకు ఇసుకమేట. అక్కడక్కడ మోకాటిలోతు మడుగులు మిగులుతాయి. చెట్టు నీడ తగిలే మడుగు ఒకటి మీ పేరున రాసుకోండి. సోమశిల జోలికి పోకండి. 78 టీఎంసీలు పట్టే జలాశయం అది. లోతున బొచ్చెలుంటాయి. పొరపాటున ఒకటి తగులుకుంటే మీ ఎండాకాలమంతా పాడు.

2. మిట్టమధ్యాహ్నం బయల్దేరండి. కొరమీను మేతకొచ్చేది తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ. ఆ రెండు వేళలూ నిద్రకు కేటాయించండి. సద్దన్నం తిని, ఓ కునుకు తీసి, పన్నెండింటికి గాలం ఎత్తండి. ఎండ మండే వేళ చేపలు లోతుకో నీడకో జరుగుతాయి. నీడలో మీరు కూర్చోండి, గాలం మాత్రం ఎండలోకి విసరండి.

3. ఎర్రలు ముందురోజే తవ్వి, మూత లేని డబ్బాలో ఎండలో పెట్టండి. పన్నెండింటికల్లా చీపురుపుల్లల్లా ఎండిపోతాయి. అట్లాంటి ఎర్రను గాలానికి గుచ్చితే సగం విరిగి కింద పడుతుంది. మిగతా సగం చాలు.

4. బెండు మీద చూపు పెట్టకండి. గాలపు కర్రను రాయి కింద నొక్కిపెట్టి, తువ్వాలు మొహాన కప్పుకోండి. బెండు మీద తూనీగ వాలి గంటసేపు కదలకుండా కూర్చుందంటే మీ పని సవ్యంగా సాగుతున్నట్టు. మధ్యలో ‘గుబుక్’ మని చప్పుడై నీటి మీద వలయం లేస్తే కంగారు పడకండి. కొరమీను గాలి పీల్చుకోవడానికి పైకొచ్చింది. నీళ్లలోని ప్రాణవాయువు దానికి చాలదు, పైగాలి కావాలి. పీల్చుకుని పోనివ్వండి, మీరు అటు తిరిగి పడుకోండి.

5. శాస్త్రం కంఠతా పట్టండి. ఇంటికి రాగానే అక్కరకొస్తుంది. “ఏందయ్యా, ఒక్కటన్నా పడిందా?” అని ఇల్లాలు అడగ్గానే చెప్పండి: “20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీలకు ఏడున్నరే. చేపకు ఊపిరాడక మేత ముట్టలేదే!” అంకెలు విన్న మనిషి రెండో ప్రశ్న వేయదు.

6. ఆమె వేసిందా, ట్రౌట్ మాటెత్తండి. నీలగిరుల్లో అవలాంచి దగ్గర తెల్లదొరలు పెంచిన చల్లనీటి చేప అది. ఈకలతో ఈగబొమ్మ కట్టి, నీటి మీద ఎగరేసి పడతారు. నీళ్లు 20 డిగ్రీలు దాటితే నీరసిస్తుంది, 25 దాటితే ప్రాణానికే ముప్పు. “అంత గొప్ప చేపే ఎండకు ఆగదు, మన జెల్ల ఎంత?” అనండి. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ 1873లోనే మన దేశపు గాలం వేట మీద పుస్తకం రాశాడు. చదవనక్కర్లేదు, పేరు చెబితే చాలు.

7. తప్పించుకుపోయిన చేపను రోజుకో గుప్పెడు పెంచండి. సోమవారం మూరెడు, మంగళవారం బారెడు. దారం తెంపుకుని పోయిందని చెప్పి, పళ్లతో కొరికిన దారం ముక్క చూపించండి. సాక్ష్యం లేని సాకు నిలవదు.

8. మామగారు ఇంటికొచ్చిన రోజు ఖాళీ చేతులు కుదరవు. దారిలో జిలేబీ చేపలు కిలో కొనండి. ఐసు నీళ్లు తుడిచి, బురదలో ఒకసారి పొర్లించి, నాచు చుట్టండి. మొప్పల్లో ఐసు ముక్క ఉండిపోయిందేమో వేలు పెట్టి చూడండి, నేను దొరికిపోయేవాణ్ణే అక్కడ. వంజరం మాత్రం కొనకండి. అది సముద్రపు చేప. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరపడవల వేటకు సెలవు.

9. పోయే ముందు చింతపండు నానబెట్టమని, మామిడికాయ తరగమని గట్టిగా చెప్పండి. ఇంటిల్లిపాదీ ఆశతో ఉండాలి. మీరు సాయంత్రం ఉత్త చేతులతో వస్తారు, పొయ్యి మీద మసాలా అప్పటికే ఉడుకుతుంటుంది. పారబొయ్యలేరు కదా! చేప లేని చేపల పులుసు పోసుకుని, మామిడికాయ ముక్క నంజుకుని, కడుపునిండా తినండి. ముల్లు గుచ్చుకునే బాధ కూడా లేదు.

ఈ పద్ధతిలో రెండు వారాలు సాగితే ఇంట్లో మిమ్మల్ని ఏ పనికీ నమ్మరు. అదే మనకు కావలసింది. ఒకసారి పోయిన నమ్మకం మళ్లీ రాదు గనక వచ్చే ఎండాకాలం గాలం మొయ్యాల్సిన శ్రమ కూడా తప్పుతుంది. మే 25న రోహిణి కార్తె వస్తోంది. సాకులు ఇప్పటినుంచే సిద్ధం చేసుకోండి.