పొట్టి ఆవుకు పొడుగు ఫోటో

పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. మనిషి పక్కన నిలబడితే దాని వీపు నడుము దాటదు. ఆ ఆవుకు పేరు తెచ్చిందే ఆ పొట్టితనం, ఆ తర్వాత పాలలోని వెన్న. ఈ సంగతి మా కలికిరిలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. అన్నీ తెలిసి కూడా నేను ఆ ఆవును ఒంగోలు గిత్తంత చేసి ఫోటో తీశాను. తీసి ఊరుకోలేదు, పెద్ద సైజులో ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి, ఆవును సాకిన అవ్వకే ఇచ్చాను.

ఈ తెలివితక్కువతనానికి మొదలు 2018లో ఉంది. ఆ ఏడాది నికాన్, కెనాన్ రెండూ కొద్ది వారాల తేడాతో ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలు ప్రకటించాయి. నా చేతిలోని డీఎస్‌ఎల్‌ఆర్‌కు ఏ రోగమూ లేదు. అయినా ఆ వార్త చదివిన రోజు నుంచి దానితో తీసిన ప్రతి ఫోటోలోనూ నాకు లోపమే కనబడింది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టమోటా ధర ఎన్నడూ లేనంత పలికింది. మాకూ నాలుగు డబ్బులు వచ్చాయి. బోరు మోటారు మార్చాల్సిన ఆ డబ్బుతో కెమెరా కొన్నాను. 16-35 వైడ్ జూమ్ ఒకటి, 85 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 ఒకటి, రెండు లెన్సులు కూడా కొన్నాను. ఇంట్లో ఎవరినీ అడగలేదు. ఆ తర్వాతి ఎండాకాలం మోటారు కాలిపోయినప్పుడు ఎవరూ నన్నొక మాట అనలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

కొత్త లెన్సులు పట్టుకుని చౌడేపల్లె వైపు ఒక పల్లెకు పోయాను. అవ్వ ఇంటి ముందు తెల్లటి పుంగనూరు ఆవు, చెవుల దగ్గర లేత బూడిదరంగు, తోక నేలను తాకుతా ఉంది. అప్పటికి నేను చదివిన చిట్కాలన్నీ నా బుర్రలో వరసగా ఉన్నాయి. జంతువును దాని కంటి ఎత్తుకో, ఇంకా కిందికో దిగి తియ్యాలి. వైడ్ లెన్సుతో బాగా దగ్గరికి పోవాలి. వెనకాల ఉన్నదంతా బ్లర్ కావాలి. నేను నేలమీద బోర్లా పడుకుని, దాని మూతికి రెండడుగుల దూరంలో వైడ్ లెన్సుతో తీశాను. తర్వాత లెన్సు మార్చి, ఎపర్చరు పూర్తిగా తెరిచి, వెనకున్న గడపనూ రోలునూ కుడితి తొట్టినీ మంచులా కరిగించి తీశాను. తెర మీద చూసుకుంటే నాకే గర్వం వేసింది.

అవ్వ ఆ ఫ్రేమును రెండు చేతులా పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. చీర కొంగుతో అద్దం తుడిచి మళ్లీ చూసింది. "బాగుండాది నాయనా. అయితే ఇది మా ఆవు మాదిర లేదే. ఎవురిదో పెద్దెద్దు మాదిరుండాదే" అంది. నన్ను నొప్పించాలని అనలేదు, ఉన్నమాట అంది.

తప్పు ఎక్కడ జరిగిందో అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. చదునైన నేల మీద కెమెరా ఎంత ఎత్తులో ఉంటే, ఫోటోలో దిగంతం వస్తువుల్ని సరిగ్గా అంత ఎత్తునే కోస్తుంది. నేను నిలబడి తీసి ఉంటే ఆ గీత ఆవు వీపుకు చాలా పైన పోయేది. చూసేవాళ్ల కన్ను ఇది మనిషికంటే పొట్టిది అని వెంటనే పట్టుకునేది. పడుకుని తీసేసరికి గీత దాని మోకాళ్ల దగ్గరికి దిగింది, వీపు ఆకాశంలోకి లేచింది. దానికి తోడు వైడ్ లెన్సుతో అంత దగ్గర నుంచి తీస్తే ముందున్న తల పెద్దదై, వెనకున్న ఇల్లు చిన్నదైపోతుంది. ఇక రెండో ఫోటోలోని బ్లర్ సంగతి. ఎత్తు పోల్చుకోవడానికి అక్కడున్నవే గడప, రోలు, తొట్టి. వాటిని నా చేతులారా చెరిపేశాను. ఆ చిట్కాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. హార్సిలీ కొండ మీద పిట్టను తీసేటప్పుడు వాటిలో కొన్ని నాకు బాగా పనికొచ్చాయి. ఈ ఫోటోలో ఏం కనబడాలి అని నన్ను నేను ప్రశ్నించుకోకపోవడమే నా బుద్ధితక్కువ.

రంగు కూడా చెడింది. కెమెరాలోని మీటరు ఎదురుగా ఉన్నది ఏదైనా సగటు బూడిదరంగే అనుకుని వెలుతురు లెక్క కడుతుంది. ఫ్రేము నిండా తెల్లావు ఉంటే దాన్ని కూడా బూడిదకు దించుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ఒక స్టాపు ప్లస్ వైపు తిప్పి ఉంటే తెలుపు తెలుపుగా నిలిచేది. ఆ డయలు నా బొటనవేలి కిందే ఉంది. నల్లటి గేదెకు దాన్ని మైనస్ వైపు తిప్పాలి.

2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫోటోలు దేశమంతా తిరిగాయి. వాటిని చూసినప్పుడు నాకు నా తప్పు తెలిసొచ్చింది. ఆవుల పక్కన మనిషి ఉన్నాడు, అంతే. ఈ ఆవును ఎన్నడూ చూడనివాళ్లకు కూడా అదెంత చిన్నదో ఒక్క చూపులో తెలిసింది. పాతకాలంలో గుళ్లనూ శిథిలాలనూ సర్వే చేసిన ఫోటోగ్రాఫర్లు గోడ పక్కన ఒక మనిషిని నిలబెట్టి తీసేవాళ్లు. అది ఎత్తు తెలియడానికే. నూరేళ్లకు పైగా అందరికీ తెలిసిన పని నాకు తట్టలేదు.

మోదీ ఫోటోల తర్వాత పుంగనూరు ఆవుల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. అవ్వ కూడా అమ్మింది, మనవరాలి చదువుకు. మళ్లీ తీద్దామని నేను పోయేసరికి కట్టుగొయ్య ఖాళీగా ఉంది. ఆ ఆవుకు ఉన్న ఫోటోలు నేను తీసినవే, వాటిలో అది ఆ ఆవులా లేదు. ఇందుకు నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

వైడ్ జూమ్ అమ్మేసి మోటారు కొన్నాను. ఇప్పుడు పుంగనూరు, సోదం, పలమనేరు వైపు ఈ ఆవులు సాకేవాళ్ల ఇళ్లకు పోయినప్పుడు పాత 50 మిల్లీమీటర్ల లెన్సే తీసుకుపోతున్నాను. ఎపర్చరు ఎఫ్ 8 దగ్గర పెట్టి, నిలబడి, ఆవును దాని పక్కవాటంగా తీస్తున్నాను. సాకేవాళ్లను పక్కనే నిలబెట్టి, గడప కూడా ఫ్రేములోకి వచ్చేలా చూస్తున్నాను. టేపు పెట్టి ఎత్తు కొలిచి, ప్రింటు వెనకాల పెన్నుతో ఎత్తు, తేదీ, ఊరు రాసి వాళ్లకే ఇస్తున్నాను. మీ ఇంట్లో ఈ ఆవు ఉంటే నాకోసం ఎదురుచూడొద్దు. ఫోను చాలు. ఎండ నడినెత్తికి రాకముందు, మీ అవ్వనో తాతనో దాని పక్కన నిలబెట్టి ఒక ఫోటో తీసి ప్రింటు వేయించండి.