మారుతాళం

నాటి బర్మా రాజధాని రంగూన్‌లో ఊ నూ ప్రధాని పదవి అచ్చంగా కుర్చీలాటే. 1948లో కూర్చున్నారు. 1956లో పార్టీని చక్కబెడతానని లేచారు. 1957లో మళ్లీ కూర్చున్నారు. 1958లో ఆ పార్టీ కాస్తా రెండుగా చీలితే, కొన్నాళ్లు ఇల్లు చూస్తుండమని సేనాని నే విన్‌కు తాళాలిచ్చారు. ఆయన బుద్ధిగా ఎన్నికలు పెట్టి, 1960లో తిరిగిచ్చేశారు. ఎంత మర్యాద! కానీ 1962 మార్చి 2న పిలవకుండానే వచ్చి, ఇంటాయన్నే లోపలేశారు. కంచే చేను మేసింది.

1988లో, 81 ఏళ్ల ఊ నూ ఇప్పటికీ ప్రధాని తానేనన్నారు. మరుసటేడు సైనికులు ఇంటికే కాపలా పెట్టారు: గృహనిర్బంధం!

కాపలాదారుకు తాళం ఇవ్వొచ్చు. మారుతాళం చేయించుకునేంత వ్యవధి ఇవ్వకూడదు.