పాలతోనే చేశానని చెప్పాను

మా అమ్మ ఇరవై ఏళ్లు భద్రాచలంలో టిఫిన్ బండి నడిపింది. తెల్లవారుజామున గోదావరి స్నానానికి వచ్చేవాళ్లకు ఇడ్లీ, పెసరట్టు పెట్టి మమ్మల్ని చదివించింది. నాకు ఆ బండి నామోషీగా ఉండేది. 2021 దసరాకి బండి మాన్పించి, ఆమె దాచుకున్న డబ్బుకు అప్పు కలిపి పిజ్జా షాపు తెరిచాను.

ఖమ్మంలో ఒక పెద్ద కంపెనీ షాపు ముందు కుర్రాళ్ల బైకులు వరసకట్టి ఉండటం చూసి వచ్చిన ఆలోచన అది. అద్దాల తలుపు, రంగు బల్లలు, సాగే చీజ్ బొమ్మ ఉంటే చాలనుకున్నాను. డామినోస్, పిజ్జా హట్ రెండూ మన దేశంలో అడుగుపెట్టింది 1996లో. పనీర్ వేశారు, కారం పెంచారు, అహ్మదాబాదులో అచ్చంగా శాకాహారపు షాపు కూడా పెట్టారు. మన నాలుకను ఏళ్ల తరబడి చదువుకున్నారు. డామినోస్ వాళ్లు పిండిని ఒకచోట కలిపి, ముద్దలు చేసి, చల్లటి బండ్లలో షాపులకు చేరుస్తారు. వాళ్ల బలం ఆ చల్లదనంలో ఉంది. నేను వాళ్ల గోడల రంగు ఒక్కటే తెచ్చుకున్నాను.

2022 శ్రీరామనవమికి మూడు వందల పిజ్జా బేసులు తెప్పించాను. కరోనా వల్ల రెండేళ్లు జనం లేకుండా జరిగిన సీతారాముల కల్యాణం ఆ ఏడు మళ్లీ మిథిలా స్టేడియంలో భక్తుల మధ్య జరిగింది. ఊరంతా జనం. ఎండకు తాళలేక షాపులోకి వచ్చినవాళ్లు మజ్జిగ ఉందా అన్నారు. ఒక పెద్దావిడ గడప దగ్గరే ఆగి, "ఉల్లిపాయ తగలనిది ఏమన్నా ఉందా నాయనా?" అంది. లేదన్నాను. పానకం, వడపప్పు తినే రోజున నేను చికెన్ వాసన పెట్టుకుని కూర్చున్నాను. అమ్మను ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేది. అడగలేదు.

అసలు నా దగ్గరికి వచ్చేవాళ్లు వేరు. సారపాక పేపరు మిల్లు ఉద్యోగుల పిల్లలు, కాలేజీ హాస్టళ్లవాళ్లు, పుట్టినరోజుకు నలుగురూ చందా వేసుకుని ఒక మీడియం చెప్పేవాళ్లు. ఉన్న ఎనిమిది ముక్కల్నీ లెక్కపెట్టి పంచుకునేవారు. వాళ్లే నా షాపును నిలబెట్టినవాళ్లు. ఆ సంగతి చాలా ఆలస్యంగా అర్థమైంది. అప్పట్లో నా కళ్లు యాత్రికుల బస్సుల మీదే ఉండేవి.

జూలైలో గోదావరి వచ్చింది. ఇక్కడ 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక, ఆసారి 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగులు చూసిన ముసలివాళ్లు కూడా భయపడ్డారు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మా వీధిలో కరెంటు లేదు. ఫ్రీజర్‌లో పద్దెనిమిది కిలోల మొజరెల్లా నీరుకారి పులిసిపోయింది. ఎత్తి పారబోస్తుంటే అమ్మ ఏమీ అనలేదు, బకెట్టు పట్టుకుని నిలబడింది.

నష్టం పూడ్చుకోవాలని నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి. మొజరెల్లా కిలో కావాలంటే దాదాపు పది లీటర్ల ఆవుపాలు కావాలి. పాలు విరిచి తీసిన ముద్దను వేడినీళ్లలో సాగదీసి సాగదీసి చేస్తారు కాబట్టే అది తీగలా సాగుతుంది. దానికి బదులు పామాయిలు, పిండిపదార్థం కలిపి చేసే అనలాగ్ దొరుకుతుంది, సగం ధరకు. దాన్ని చీజ్ అని అమ్మకూడదని ఆహార భద్రత నిబంధనలు చెబుతున్నాయి. నాకు తెలుసు. సగానికి సగం కలిపాను. తర్వాత పూర్తిగా అదే వేశాను. మెనూ మీద మాత్రం మొజరెల్లా అనే ఉంచాను.

మరుసటి వేసవిలో, మే నెలలో, దుమ్ముగూడెం వైపు నుంచి ఒక కోయ రైతు కూతురితో వచ్చాడు. తునికాకు కూలి డబ్బులు అందాయట. "పది పాసయింది సారూ. ఎప్పటినుంచో దీని పేరే చెబుతోంది" అన్నాడు. అన్నిటికన్నా చిన్నది తీసుకున్నారు, 149 రూపాయలు. యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున, ఎన్ని కట్టలు కడితే అంత సొమ్మో నాకు తెలుసు. మా ఇల్లూ ఆ అడవి అంచునే. ఆ పిల్ల మొదటి ముక్క తండ్రికి ఇచ్చింది. ఆయన కొరికి, కాసేపు నమిలి, నా వైపు చూసి, "ఇది పాలతోటే చేస్తారా సారూ?" అని అడిగాడు. అనుమానంతో కాదు, తెలుసుకుందామనే. ఇంటి దగ్గర పశువులున్న మనిషి.

"ఆ, పాలతోనే" అన్నాను.

ఆయన నమ్మాడు. పిల్ల బాగుందంది. తనొక ముక్క తిని, మిగిలిన రెండూ తమ్ముడికి కట్టివ్వమంది. నేను కట్టిచ్చాను. వాళ్ల ఊరు వెళ్లే బస్సు ఇంకో గంటకు గానీ లేదు. ఆ సరుకు చల్లారితే మైనంలా బిగుసుకుపోతుంది, మళ్లీ వేడిచేసినా సాగదు. వాళ్లు వెళ్లాక ఆ గంటసేపూ షాపులోనే కూర్చున్నాను. బస్టాండు నడిచి పది నిమిషాలు. వెళ్లి నిజం చెప్పి, డబ్బు తిరిగి ఇచ్చి రావచ్చు. లేవలేదు. బస్సు కదిలే వేళకు గల్లాపెట్టె తెరిచి ఆయన ఇచ్చిన నోట్లు చూశాను. వంద ఒకటి, పదులు ఐదు. మిగిలిన రూపాయి కూడా ఆయన అడగలేదు.