కురుసుర పెదనాన్న

విశాఖపట్నంలో స్థిరపడిన ప్రతి ఉమ్మడి బంధువర్గంలోనూ, ఊరికి వచ్చిన చుట్టాలకు రామకృష్ణా బీచ్‌లోని కురుసుర జలాంతర్గామిని చూపించే బాధ్యతను ఎవరూ అప్పగించకుండానే నెత్తిన వేసుకున్న పెద్దమనిషి ఒకరు తప్పక ఉంటారు. వరసను బట్టి ఆయన బాబాయో మావయ్యో కావచ్చు గానీ, ఈ జాతి లక్షణాలు నిండుగా పండేది పెదనాన్నల్లోనే కాబట్టి, ఈ పరిశీలనలో ఆయనను కురుసుర పెదనాన్న అని వ్యవహరించడం సముచితం. చుట్టం రైలు దిగి స్నానం ముగించేలోపే ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంటారు. సింహాచలం, కైలాసగిరి, అరకు వంటివి ఆయన దృష్టిలో తీరిక ఉన్నవాళ్ళు చూసుకోవలసిన విషయాలు.

సోవియట్ యూనియన్‌లో తయారై, 1969 డిసెంబరులో రీగా రేవులో భారత నౌకాదళంలో చేరిన కురుసుర, 31 ఏళ్ళ సేవ తర్వాత 2001 ఫిబ్రవరిలో విరమించింది. తొంభై మీటర్లు దాటిన ఆ ఉక్కు దేహాన్ని నీళ్ళలోంచి ఒడ్డుకు లాగి, ఇసుకలో పునాది మీద నిలిపి, 2002 ఆగస్టులో మ్యూజియంగా ప్రారంభించారు. ఈ లాగుడు ఘట్టాన్ని తాను దగ్గరుండి చూశానని, తాళ్ళు ఎటునుంచి కట్టాలో అక్కడి అధికారి ఒకరికి తానే సూచించానని పెదనాన్న చెబుతారు. ఆ ఏడాదంతా ఆయన రాయగడలో ఉద్యోగం చేస్తున్న సంగతిని పెద్దమ్మ గుర్తుచేసినప్పుడు, శనాదివారాలు అనే సౌకర్యం ఒకటుందని ఆయన జవాబిస్తారు.

మ్యూజియానికి వారపు సెలవు ఏ రోజో ఆయనకు కచ్చితంగా తెలుసు. సరిగ్గా అదే రోజు చుట్టాలను వెంటబెట్టుకుని వెళ్ళడం ఆయన అలవాటు. గేటు మూసి ఉండటం చూసి చలించని స్థితప్రజ్ఞత కూడా ఆయనదే. జలాంతర్గామిని బయటినుంచి చూస్తేనే అసలు రూపం తెలుస్తుందని అప్పటికప్పుడు సిద్ధాంతీకరించి, మండుటెండలో, ఇసుకలో, చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డ పసిపిల్లలకూ ముసలివాళ్ళకూ ఆయన యుద్ధ చరిత్ర మొత్తం వినిపిస్తారు.

ఆ చరిత్రలో ఘాజీని ముంచింది కురుసురే. పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో విశాఖ రేవు దగ్గర మునిగిపోయిన మాట నిజం. దాన్ని రాజ్‌పుత్ అనే యుద్ధనౌక డెప్త్ చార్జీలతో, అంటే నీటిలోకి జారవిడిస్తే నిర్ణీత లోతున పేలే మందుగుండు పీపాలతో, దెబ్బతీసిందని భారత నౌకాదళం చెబుతుండగా, లోపలే ఏదో పేలడమో, తాను పరిచిన మందుపాతరే తనకు తగలడమో కారణమని పాకిస్థాన్ వైపువారు అంటారు. ఈ వాదాల్లో ఎక్కడా కురుసుర లేదు. ఆ యుద్ధ కాలంలో దాని గస్తీ అరేబియా సముద్రంలో. పెదనాన్న ఆధారం 2017లో వచ్చిన ఘాజీ సినిమా. అందులోని జలాంతర్గామి ఎస్21 అని, కురుసుర ఎస్20 అని ఎవరైనా మేనల్లుడు ఫోను చూసి చెబితే, ఒక్క అంకె తేడాకు ఇంత రాద్ధాంతం దేనికని ఆయన నొచ్చుకుంటారు.

తలుపులు తెరిచి ఉన్న రోజున అసలు కష్టం మొదలవుతుంది. జలాంతర్గామి లోపలి దారి ఒక మనిషి నడవడానికి సరిపోయేంత ఇరుకు. ఒక గదికీ మరో గదికీ మధ్య, నీరు చొరబడితే బిగించి మూసుకునే గుండ్రటి ద్వారాలు ఉంటాయి. వంగి, కాలు ముందు పెట్టి దూరితే తప్ప వాటిని దాటలేము. పెదనాన్న ఉపన్యాసానికి ఎంచుకునేది ఈ ద్వారాలనే. టార్పెడో అంటే నీటి అడుగున తనంతట తానే దూసుకుపోయే ఆయుధమని, ముందువైపు ఆరు, వెనుక నాలుగు గొట్టాల గుండా వాటిని వదిలేవారని, ఒక్కో ప్రయాణానికి 22 టార్పెడోలు పట్టేవని ఆయన వివరిస్తుండగా, వెనుక ఒక బడి పిల్లలంతా ఉక్కబోతలో ఒకరిమీద ఒకరు పడుతూ నిలబడతారు. అంకెలు వరసపెట్టి అప్పజెప్పుతున్న ఈ పేరా రచయితది కూడా అదే కులమన్న అనుమానం చదువరికి కలిగితే కాదనడం కష్టం.

ఈ మ్యూజియంలో గైడ్లుగా పనిచేసేవారు నౌకాదళంలో పనిచేసి విరమించినవారు. పెదనాన్న వారిలో ఒకరిని ఆపి, “మీరూ నేవీలో చేశారా బాబూ?” అని అడిగి, అవునన్న జవాబు వచ్చిన వెంటనే జలాంతర్గామి ఎలా మునుగుతుందో ఆయనకు నేర్పడం మొదలుపెడతారు. గైడు వింటారు. “కొంచెం ముందుకు కదలండి సార్” అని మాత్రం మధ్యమధ్య అంటారు. దాన్ని పెదనాన్న ప్రశంసగానే స్వీకరిస్తారు.

అయినా న్యాయంగా చెప్పుకోవలసింది ఒకటుంది. డీజిల్ ఇంజన్లకు గాలి కావాలి కాబట్టి పైకి తేలినప్పుడో, స్నార్కెల్ అనే గాలిగొట్టాన్ని నీటిపైకి చాచినప్పుడో వాటిని నడిపి బ్యాటరీలు నింపుకోవడం, మునిగాక ఆ కరెంటుతో మోటార్లు తిప్పడం అనే ఏర్పాటును గైడు ఎంత ఓపికగా చెప్పినా అర్థం కాక దిక్కులు చూస్తున్న పెద్దమ్మతో, “మనింట్లో ఇన్వర్టర్ లాంటిదే. కరెంటున్నప్పుడు నింపుకుంటుంది, పోయాక వాడుకుంటాం” అని పెదనాన్న ఒక్క మాటలో తేల్చేస్తారు. గైడు తల ఊపుతారు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు గైడు ఆ పోలికనే వాడుకుంటున్నారని ఇంటిల్లిపాదికీ పెదనాన్న చెబుతారు. ఈ ఒక్కటి నిజమే అయ్యే అవకాశం ఉంది. 75 మంది సిబ్బంది మంచినీళ్ళు పొదుపుగా వాడుకుంటూ ఆ గొట్టంలో రోజుల తరబడి ఎలా బతికారో, అరల్లాంటి ఆ పడకలు చూపించి ఆయన చెప్పినప్పుడు, ఇంట్లో ఏసీ రిమోట్ కోసం కొట్టుకునే పిల్లలు కాసేపు నోరెత్తకపోవడం కూడా నమోదు చేయదగినదే.

బయటికి వచ్చాక చుట్టాలు మొక్కజొన్న పొత్తుల బండి వైపు చూస్తారు. పెదనాన్న రోడ్డు దాటించేస్తారు. అక్కడ 2017 డిసెంబరులో మ్యూజియంగా తెరిచిన టీయూ-142 విమానం ఉంది. జలాంతర్గాములను వెతికి పట్టుకోవడమే దాని పని. నౌకాదళంలోకి అది వచ్చింది 1988లో. పెదనాన్న దాని రెక్క కింద నీడ చూసుకుని నిలబడి, గొంతు సవరించుకుని, “1971లో ఘాజీ జాడ పైనుంచి కనిపెట్టింది ఇదేరా” అని మొదలుపెడతారు.