తొమ్మిదైన నేమి? (టీకా తాత్పర్య సహితం)

అవతారిక

ఓడిన ఆటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. రెఫరీ కళ్ల మీదో, గోల్‌కీపర్ చేతుల మీదో నెపం పెట్టి ఎవరి కొంపకు వాళ్లు చేరుకోవచ్చు. తేలిగ్గా గెలిచిన ఆట అలాంటిది కాదు. పైకి ద్రాక్షాపాకం, కొరికితే నారికేళపాకం. అందులో దాగిన అర్థాలు తీయడానికి అభిమానికి ఒక రాత్రి చాలదు. వారం పడుతుంది, అంటే మరుసటి ఆట దాకా.

ఇక్కడ వ్యాఖ్యానిస్తున్న పద్యం 2022 ఆగస్టు 27న, ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో, ఆన్‌ఫీల్డ్ మైదానం గేట్ల బయట పుట్టింది. ఆ మధ్యాహ్నం లివర్‌పూల్ జట్టు బోర్న్‌మత్ జట్టును 9-0 తేడాతో ఓడించింది. కర్త పేరు తెలియదు. ఒక్కడు కాడని మాత్రం నిశ్చయం. మైదానంలో ఉన్న యాభై వేల పైచిలుకు జనంలో ముసలివాళ్లంతా ఉమ్మడిగా కట్టినట్టుంది. వాళ్లు ఆ ఊరి యాసలో, గద్యంలో గొణిగినదాన్ని ఛందస్సులోకి లాగిన పాపం వ్యాఖ్యాతది. మన దేశంలో అప్పుడు శనివారం రాత్రి. హైదరాబాదులో ఎర్ర జెర్సీలు తొడుక్కుని టీవీ ముందు కూర్చున్న మనవాళ్లూ ఇదే భావాన్ని స్వతంత్రంగా కనిపెట్టి ఉంటారు. గొణుగుడుకు ప్రాంతభేదం లేదు.

మూలం

ఆ. తొమ్మిదైన నేమి? తోచదే మీ కంటి
కా సలాకు గోలు కానరాని
లోటు? చిన్న జట్టు లొంగుట గెలుపౌనె?
మాటలేల? నడుమ మడుగుఁ జూడు!

ప్రతిపదార్థం

తొమ్మిది + ఐనన్ = గోలులు తొమ్మిది పడినప్పటికిని; ఏమి = ప్రయోజనమేమి; మీ కంటికిన్ = గెలిచితిమని గంతులు వేయుచున్న మీ యొక్క కంటికి; ఆ సలాకున్ = జగద్విదితుడైన ఆ మొహమ్మద్ సలాకు; గోలు కానరాని లోటు = ఒక్క గోలైనను లేని కొరత; తోచదే = తెలియుట లేదా; చిన్న జట్టు = నిన్నగాక మొన్న పై మెట్టెక్కిన బోర్న్‌మత్ జట్టు; లొంగుట = తల వంచుట; గెలుపు + ఔనె = గెలుపనిపించుకొనునా; మాటలు + ఏల = వాదన యెందులకు; నడుమన్ = మైదానపు నడిమి భాగమందలి; మడుగున్ = నీరు నిలిచిన పల్లమును; చూడు = పరికింపుము.

తాత్పర్యం

ఓయి వెర్రివారలారా! తొమ్మిది గోలులు పడెనని సంబరపడుచున్నారు. మన మేటి ఆటగానికి అందులో భాగమే లేదు. ఎదుటివారు బలహీనులు. మన మిడ్‌ఫీల్డు నీరుగారియున్నది. కావున ఇంటికిపోయి దిగులుపడుదము రండు, అని భావము.

వ్యాఖ్య

"తొమ్మిదైన నేమి?" ఇక్కడే వ్యాఖ్యాతలు రెండుగా చీలిపోయారు. ఆరో గోలు బోర్న్‌మత్ డిఫెండర్ క్రిస్ మెఫమ్ తన వలలో తానే వేసుకున్నది. కాబట్టి మనవాళ్లు వేసినవి ఎనిమిదే అని అష్టవాదులు. వల ఎవరిదైనా బోర్డు మీద అంకె మనది అని నవవాదులు. డియాజ్ రెండు, ఫిర్మినో రెండు, ఎలియట్, అలెగ్జాండర్-ఆర్నాల్డ్, వాన్ డైక్, కార్వాల్యో తలా ఒకటి. కూడితే ఎనిమిది. అష్టవాదులకు గణితం తోడుంది, నవవాదులకు రికార్డు పుస్తకం తోడుంది.

ఆ రికార్డు పుస్తకంలోనే ఇంకో ముల్లు ఉంది. ప్రీమియర్ లీగ్‌లో 9-0 అంతకు ముందే మూడుసార్లు నమోదైంది: 1995లో ఇప్స్‌విచ్ మీద మాంచెస్టర్ యునైటెడ్, 2019లో సౌతాంప్టన్ మీద లెస్టర్, 2021లో అదే సౌతాంప్టన్ మీద మళ్లీ మాంచెస్టర్ యునైటెడ్. అంటే లివర్‌పూల్ ఆ వేళ రికార్డును బద్దలు కొట్టలేదు, వెళ్లి పక్కన నిలబడింది. అదీ ఎవరి పక్కన! బద్ధశత్రువైన మాంచెస్టర్ వాళ్ల పక్కన. తొమ్మిదో గోలు 85వ నిమిషంలో పడింది. మిగిలిన అయిదు నిమిషాలూ, ఆపై కలిపిన సమయమూ ఏం చేశారయ్యా అని అడిగే హక్కు అభిమానికి లేదనగలమా? "ఏమి" అన్న రెండక్షరాల్లో ఈ పదో గోలు కోసం పడిన విలాపమంతా ధ్వనిస్తోంది.

"మీ కంటికి." ఎవరి కంటికి? ప్రక్కన కూర్చున్న కుర్రవాడికి అని సామాన్యార్థం. కాప్ గట్టు మీద కూర్చున్న అందరికీ అని విశేషార్థం. ఆన్‌ఫీల్డ్‌లో ఒక చివరనున్న ప్రేక్షకుల గట్టుకు కాప్ అని పేరు. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో స్పియన్ కాప్ అని ఒక కొండ ఉంది. 1900 జనవరిలో దాని మీద బోయర్ల చేతిలో బ్రిటిష్ సేన చావుదెబ్బ తింది. చనిపోయిన సైనికుల్లో లివర్‌పూల్ చుట్టుపక్కల వాళ్లు చాలామంది. 1906లో కట్టిన గట్టుకు ఆ కొండ పేరు పెట్టుకున్నారు. ఆ యుద్ధంలో క్షతగాత్రులను మోసిన భారతీయుల దళాన్ని కూడగట్టినవాడు గాంధీ. మోసినవాళ్లలో ఎక్కువమంది చెరకు తోటల ఒప్పంద కూలీలు. మద్రాసు రేవులో ఓడెక్కి నేటాల్‌కు పోయిన కూలీల్లో తెలుగువాళ్లకు కొదవ లేదు. ఆ గట్టు పేరులో మనకూ కాస్త చెమట వాటా ఉందన్నమాట. ప్రకృతం ఏమిటంటే, ఓటమి పేరు పెట్టిన గట్టు మీద నూరేళ్లకు పైగా నిలబడుతూ వచ్చిన జనం గెలుపును అంత త్వరగా నమ్మేస్తారా?

మరొక సంగతి. పద్యం "మీ" అని బహువచనంతో మొదలై "చూడు" అని ఏకవచనంతో ముగిసింది. కవి పొరపాటు అని లాక్షణికులు తప్పుపట్టారు. వాళ్లెవరూ ఫుట్‌బాల్ చర్చలో కూర్చున్నవాళ్లు కారు. మొదటి పాదంలో "మీరు" అన్నవాడు నాలుగో పాదానికి "నువ్వు"లోకి దిగడం ఇక్కడ ఆచారం. ఇంకో పద్యం చెప్పించుకుంటే ఏం వినాల్సి వచ్చేదో.

"ఆ సలాకు గోలు కానరాని లోటు." ఇందులో వినోక్త్యలంకారం. ఒకటి లేనందువల్ల మరొకటి శోభించదని చెప్పడం దాని లక్షణం. చంద్రుడు లేని రాత్రి, వినయం లేని విద్య అంటూ ప్రాచీనులు ఇచ్చిన ఉదాహరణలకు, సలా గోలు లేని 9-0ను చేర్చుకోవాల్సిందిగా మనవి. అంతకు ముందు సీజనులో 23 గోలులతో లీగ్ అగ్రస్థానాన్ని టాటెన్‌హామ్ ఆటగాడు సన్‌తో పంచుకున్నవాడు, ఆ వేసవిలోనే కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టినవాడు, తొమ్మిది గోలుల వానలో తడవకుండా బయటికొచ్చాడు. గోలు లేదు సరే, అసిస్ట్ కూడా లేదు. అవతల ఫిర్మినో రెండు వేసి మూడు వేయించాడు.

ఇక్కడ ఆక్షేపణ: ఎనిమిదిమంది వేరేవాళ్లు వేయగలిగితే ఒక్కడి మీద ఆధారపడని జట్టని సంతోషించాలి కదా? (ఎనిమిదిమంది కాదు, ఆరుగురే, ఏడోవాడు మెఫమ్. అయినా ఆక్షేపణ బలం తగ్గదు.) సమాధానం: సంతోషించవచ్చు, కానీ అది కోచ్ సంతోషం, అభిమానిది కాదు. పెళ్లి ఎంత ఘనంగా జరిగినా మేనమామ మొహం ఎందుకు ముడుచుకున్నాడో తేలేదాకా ఆడవాళ్లకు నిద్రపట్టదు, ఇదీ అంతే. ఇందులో ద్వేషం లేదు. సలా మొహం ముడుచుకోవడమే ఆ సాయంత్రం లివర్‌పూల్‌లో మిగిలిన ఒకే ఒక కథ. మిగతాదంతా అంకెలు.

"చిన్న జట్టు లొంగుట గెలుపౌనె?" పద్యానికి గుండెకాయ ఈ పాదం. బోర్న్‌మత్ దక్షిణ సముద్రతీరపు ఊరు. దాని మైదానంలో పట్టేది పదకొండు వేల పైచిలుకు జనం. ఆన్‌ఫీల్డ్‌లో అయిదో వంతు. ఆ ఏడే రెండో అంచె నుంచి పైకొచ్చింది. ఆట జరిగిన మూడో రోజుకు కోచ్ స్కాట్ పార్కర్ ఉద్యోగం ఊడింది. ఇలాంటివాళ్లను ఓడిస్తే గెలుపేనా అని కవి ప్రశ్న.

పూర్వపక్షి వెంటనే లేస్తాడు: అంతకు ముందు మూడు ఆటల్లో ఏం జరిగిందో మరిచిపోయారా? ఫుల్‌హామ్‌తో 2-2, క్రిస్టల్ ప్యాలెస్‌తో 1-1, మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 2-1 ఓటమి. ఫుల్‌హామ్ కూడా అదే ఏడు పైకొచ్చిన చిన్న జట్టే, దాన్ని ఓడించలేకపోయినందుకు తిట్టారు. ఇప్పుడు చిన్న జట్టును ఓడిస్తే, చిన్నది కదా అని తిడుతున్నారు. మరి జట్టు ఏం చేస్తే మీకు తృప్తి?

సిద్ధాంతి జవాబు: పూర్వపక్షి తర్కం శుద్ధమే, చరిత్రే రాదు. 1989 సెప్టెంబరులో ఇదే లివర్‌పూల్ ఇదే ఆన్‌ఫీల్డ్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌ను ఇలాగే 9-0తో చితక్కొట్టింది. ఎనిమిదిమంది వేర్వేరు ఆటగాళ్లు గోలులు వేశారు. ఏడు నెలలు తిరిగాక, 1990 ఏప్రిల్‌లో, ఎఫ్ఏ కప్ సెమీఫైనల్లో అదే ప్యాలెస్ 4-3తో లివర్‌పూల్‌ను ఇంటికి పంపింది. ఆ ఏడు లీగ్ టైటిల్ లివర్‌పూల్‌దే, అయినా ఆ సెమీఫైనల్ చూసినవాడు తొమ్మిది అనే అంకెను మళ్లీ నమ్మలేదు. మన పద్యకర్తల్లో ముసలివాళ్లు ఎక్కువని చెప్పడానికి ఆధారం ఇదే.

వాళ్ల అపనమ్మకానికి ఫలం దక్కడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2023 మార్చి 5న లివర్‌పూల్ మాంచెస్టర్ యునైటెడ్‌ను 7-0తో ఓడించింది. ఈసారి సలా రెండు వేశాడు. ప్రీమియర్ లీగ్‌లో లివర్‌పూల్ తరఫున అత్యధిక గోలులు వేసినవాడయ్యాడు. చిన్న జట్టు కాదు, సలా లోటు లేదు. పద్యంలో మూడు పాదాలు ఒక్క సాయంత్రంతో చెల్లకుండా పోయాయి. ఊరు ఊరంతా ఊగిపోయింది. ఆరు రోజుల తర్వాత, 11న, అదే జట్టు బోర్న్‌మత్ వెళ్లి 1-0తో ఓడిపోయింది. వచ్చిన పెనాల్టీని గోలు పక్కకు తన్నినవాడు సలా. ఎవరి మీద తొమ్మిది వేశారో వాళ్ల మీద ఒక్కటి వేయలేకపోయారు. ఆ రాత్రి పద్యకర్తలు ఎంత దుఃఖపడ్డారో, లోలోపల ఎంత తృప్తిపడ్డారో సహృదయులు ఊహించుకోవాలి. నా మట్టుకు నాకు తృప్తి పాలే ఎక్కువని అనుమానం. పండిన అభిమాని ఎవడూ ఆడిన ఆటను చదవడు, ఆడబోయే ఆటను చదువుతాడు. తొమ్మిది గోలుల మధ్యలో అతనికి కనిపించింది ఆ మార్చి మధ్యాహ్నమే.

"మాటలేల? నడుమ మడుగుఁ జూడు." అరసున్న ఉన్న ప్రతిలోనే అర్థం కుదురుతుంది, దాన్ని తీసేసిన ముద్రాపకుల్ని వదిలేద్దాం. "గండి" అని పాఠాంతరం చెప్పినవాళ్లున్నారు. యతి చెడుతుంది, పైగా మిడ్‌ఫీల్డుకు గండి పడలేదు, నీరు నిలిచింది. ఆటగాళ్లు లేక కాదు, పరుగు లేక. సీజను మొదటి ఆటలోనే తియాగోకు గాయం. అప్పటికే మంచాన పడ్డవాళ్లు మరికొందరు. ఆ రోజు నడిమిలో హెండర్సన్, ఫాబిన్యో, పక్కన పందొమ్మిదేళ్ల ఎలియట్. ఎలియట్ బాగానే ఆడాడు. ప్రీమియర్ లీగ్‌లో అతని మొదటి గోలు ఆ వేళే. కానీ తొమ్మిది గోలులు పడుతున్న ఆటలో నడిమి భాగం ఎలా ఉందని ఎవరు చూస్తారు? ఈ పద్యకర్తలు చూశారు. వాళ్ల గొప్ప అంతా అక్కడే.

క్లబ్ కూడా చూసినట్టే ఉంది. సెప్టెంబరు 1న, కొనుగోళ్ల గడువు ముగిసే రోజు, యువెంటస్ నుంచి ఆర్థర్ మెలో అనే బ్రెజిల్ ఆటగాడిని అరువు తెచ్చింది. మడుగు పూడ్చడానికి వచ్చిన ఆ మట్టి తట్ట సీజను మొత్తం మీద లివర్‌పూల్ పెద్ద జట్టుకు ఆడిన సమయం 13 నిమిషాలు, నాపోలీలో, 4-1తో ఓడిన ఆటలో. ఏడాది చివరికి జట్టు అయిదో స్థానంలో నిలిచి చాంపియన్స్ లీగ్‌కు దూరమైంది. 2023 వేసవిలో హెండర్సన్, ఫాబిన్యో, మిల్నర్, కేటా, ఆక్స్‌లేడ్-చాంబర్‌లెయిన్ వెళ్లిపోయారు. మకాలిస్టర్, సోబొస్లాయ్, ఎండో, గ్రావెన్‌బర్ఖ్ వచ్చారు. క్లబ్ కోట్ల పౌండ్లు పోసి అమలు చేసిన పద్యపాదం వాఙ్మయంలో మరొకటి ఉందేమో పండితులు చెప్పాలి.

మడుగు పూడ్చాక పద్యం మూలపడిందా అంటే లేదు. "నడుమ" అన్న చోట "వెనుక" అనుకుంటే డిఫెన్స్ మీద చెల్లుతుంది, "ఎడమ" అనుకుంటే లెఫ్ట్‌బ్యాక్ మీద చెల్లుతుంది. మూడూ నగణాలే, పాదానికి వంక లేదు. 2025లో ఆర్నే స్లాట్ చేతి కింద లీగ్ గెలిచాక కూడా కాప్ గట్టు మీద ఈ చివరి పాఠమే ఎక్కువగా వినిపించేది. ఆ వేసవిలో క్లబ్ ఎడమ పక్కకు మిలోష్ కెర్కెజ్ అనే హంగరీ కుర్రవాడిని కొనుక్కొచ్చింది. ఎక్కడి నుంచంటే, బోర్న్‌మత్ నుంచి.