మంచం కింద పోయిన నాటకం

ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పుకోని తప్పు ఇది. ఇప్పుడు ఏటా పిల్లలతో నాటకాలు వేయిస్తున్నాను కాబట్టి, ఇంకా దాచుకోవడం న్యాయం కాదనిపించింది.

డిగ్రీ చివరి ఏడాది వార్షికోత్సవానికి ‘కన్యాశుల్కం’లో మధురవాణి ఇంటి రంగం వేశాం. దర్శకత్వం నాది. రంగాలంకరణ కూడా నేనే చూస్తానని పట్టుబట్టాను. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన నాటకం కదా, ఆనాటి ఇల్లు అచ్చంగా కళ్లకు కట్టాలని నా పంతం.

ఊళ్లో ఒక పెద్దింటివాళ్లని బతిమాలి పందిరి మంచం తెచ్చాను. నలుగురు పడితే గానీ కదలనంత బరువు. దాన్ని వెనక తెరకు ఆనించి వేయించాను. ఎర్రంచు దుప్పటి నేలకు జీరాడేలా పరిపించాను. ముందు తివాచీ, తాంబూలం పళ్లెం, ఎత్తు పీట మీద దీపపు సెమ్మె. తెర లేవగానే చప్పట్లు మోగాయి. నా గుండె నిండిపోయింది.

ఆ రంగంలో అసలు నాటకమంతా మంచం కిందే ఉంది. గిరీశం వస్తున్నాడని రామప్పంతులు మంచం కింద దూరతాడు. పూటకూళ్లమ్మ చీపురుకట్టతో వస్తే గిరీశమూ అక్కడికే చేరతాడు. దెబ్బలు పడేది మాత్రం పంతులికి. గిరీశం సందు చూసుకుని పరుగు తీస్తాడు. ఈ రంగం నాకు కంఠతా వచ్చు. అయినా మంచం ఎక్కడుండాలన్న ప్రశ్న ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

మా వేదిక ఎత్తు నాలుగడుగులు. ముందు జంపఖానాల మీద కూర్చున్న పిల్లల చూపు వేదిక నేలకు అందదు. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ల కన్ను సరిగ్గా వేదిక నేల ఎత్తులోనే ఉంటుంది, పైగా ముందువరస తలలు అడ్డం. అవన్నీ దాటి చూసినవాళ్లకు నా దుప్పటి అడ్డం. రిహార్సళ్లన్నీ నేను వేదిక మీద నిలబడే చూశాను. ఒక్కరోజు కూడా కిందికి దిగి కూర్చోలేదు.

పంతులు వేషం వేసిన కుర్రవాడు నెల రోజులు సాధన చేశాడు. పక్కన గిరీశం వచ్చి పడ్డప్పటి ఉలికిపాటు, చీపురు దెబ్బ తగిలినప్పటి అవస్థ, అన్నీ మొహంలోనే పలికించేవాడు. రిహార్సల్లో మేం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. ఆ రాత్రి హాల్లో నవ్వు పుట్టలేదు. నాటకం అయ్యాక వెనక వరసలో చూసిన అటెండరు, “సామాను బాగుంది బాబూ. మంచం కింద ఏటయిందో మాకు కనపళ్లేదు” అన్నాడు. పక్కనే రంగు తుడుచుకుంటున్న ఆ కుర్రవాడు విన్నాడు. ఏమీ అనలేదు. నేనూ అతనికి క్షమాపణ చెప్పలేదు. నటన తేలిపోయిందని నలుగురూ అంటుంటే ఊరుకున్నాను. మంచం వేసిన చోటు చూసుకోకపోవడం నా బుద్ధితక్కువ. నింద అతని మీద పడుతుంటే నోరు విప్పకపోవడం అంతకన్నా పెద్ద తప్పు.

చేయాల్సింది ఎంత తేలికో ఇప్పుడు తెలుసు. మామూలు పట్టె మంచం చాలు. కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టి, వేదిక ముందంచు దగ్గరికి జరిపి, కాస్త ఏటవాలుగా వేసి, దుప్పటి పైకి మడిచి, కిందికి ఒక లైటు తిప్పితే సరిపోయేది. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వచ్చే గుమ్మం మంచానికి ఎదురు చివర ఉంటే, ఆమె నడిచొచ్చే నాలుగడుగుల్లోనే నవ్వు మొదలయ్యేది.

నాటకం వేయబోయే పిల్లలకు ఒక్కటే మనవి. సామాను తేకముందే, సుద్దముక్కతో వేదిక మీద మంచం, గుమ్మం గీయండి. మీవాళ్లని ఆ గీతల మధ్య ఆడించండి. మీరు ముందు జంపఖానా మీద, తరవాత ఆఖరి వరసలో కూర్చుని చూడండి. రెండుచోట్ల నుంచీ నటుడి మొహం కనిపించాకే మంచం కోసం వెళ్లండి.