స్వయంపాకి

ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనూ ఒక స్వయంపాకి ఉంటాడు. బయట ఎంత వేడిగా, ఎంత చవగ్గా వడ్డిస్తున్నా సరే, తన చేత్తో వండింది తప్ప ముట్టడు. మెయిల్ సర్వర్ తనదై ఉండాలి, బ్యాకప్ తనదై ఉండాలి, చివరికి గడియారం సరిచేసే సర్వర్ కూడా తనదే అయి ఉండాలి. “ఎందుకండీ శ్రమ, నెలకింత అని పారేస్తే వాళ్ళే చూసుకుంటారుగా” అని ఎవరైనా అంటే ఎంగిలి తినమన్నట్టు చూస్తాడు. డాలస్‌లో ఉంటే ఇంటి గరాజ్‌లో, మాదాపూర్‌లో ఉంటే ఆఫీసు ప్యాంట్రీ వెనక గదిలో, ఎవరో వద్దని పారేసిన కంప్యూటరొకటి ఈయన పుణ్యమా అని రాత్రింబవళ్ళు గుయ్‌మంటూ ఉంటుంది.

మా స్వయంపాకికి నలభై దాటాయి. కుర్రాళ్ళలో కొందరు గురువుగారూ అంటారు, కొందరు అన్నా అంటారు. పేరు ఇక్కడ అనవసరం. మీ ఆఫీసులో ఉన్నాయన పేరే వేసుకుని చదువుకోండి, పెద్ద తేడా రాదు.

ఆయన్ని నిండుగా చూడాలంటే సోర్స్ కోడ్‌కి వెబ్ పేజీ పెడుతున్నప్పుడు చూడాలి. గిట్‌లో ఉన్న కోడ్‌ని ఎవరూ తమ కంప్యూటర్లోకి దించుకోకుండానే, బ్రౌజర్‌లో లింకు నొక్కి ఏ ఫైలు ఎక్కడుందో, ఎప్పుడు మారిందో, ఎవరు మార్చారో చూసుకునే ఏర్పాటు అది. కోడ్ రాసేవాళ్ళెవరూ దీన్ని అడగలేదు. వాళ్ళకి కావలసింది వాళ్ళ ఎడిటర్‌లోనే కనిపిస్తుంది. అడిగింది మేనేజరు. అదీ ఒక మీటింగు చివర్లో, ఫోన్ చూసుకుంటూ, “అన్నీ ఒకచోట కనపడితే బాగుండు” అన్నాడంతే. ఆయన దేన్ని ఉద్దేశించి అన్నాడో ఇప్పటికీ తేలలేదు. స్వయంపాకి మాత్రం అప్పటికే డైరీలో రాసేసుకున్నాడు.

గిట్‌హబ్ పేరెత్తిన కుర్రాడికి “మన కోడు పరాయివాళ్ళ గడపలో ఎందుకయ్యా” అని జవాబొచ్చింది. పోనీ గిట్‌ల్యాబ్‌ని మన సర్వర్‌లోనే పెట్టుకోవచ్చుగా అన్నాడు వాడు. “జీబీల కొద్దీ ర్యామ్! ఫైలు చూడ్డానికి!” అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు గురువుగారు. వాడు మళ్ళీ నోరెత్తలేదు.

చరిత్ర చెప్పకుండా ఆయన దేన్నీ ఇన్‌స్టాల్ చేయడు. సీవీఎస్ కాలంలో ఫ్రీబీఎస్‌డీ కోసం బిల్ ఫెన్నర్ పెర్ల్‌లో రాసిన సీవీఎస్‌వెబ్ దగ్గర ఎత్తుకున్నాడు. దాన్ని చూసి పైథాన్‌లో వ్యూసీవీఎస్ పుట్టడం, అది సబ్‌వర్షన్ కూడా చదవడం నేర్చుకుని వ్యూవీసీగా పేరు మార్చుకోవడం, 2005లో బిట్‌కీపర్ ఉచితంగా దొరకడం ఆగిపోతే లైనస్ టోర్వాల్డ్స్ ఏప్రిల్ నెలలో కూర్చుని గిట్ రాసుకోవడం, అదే ఏడు కే సీవర్స్ గిట్‌వెబ్ మొదలుపెట్టడం, 2006లో అది గిట్‌లోనే కలిసిపోవడం, అన్నీ వరసగా చెప్పుకొచ్చాడు. టోర్వాల్డ్స్ కూడా స్వయంపాకియే అన్నది ఆయన సిద్ధాంతం. అందులో పస లేదని నేననను. కాకపోతే భోజనాల వేళయింది. మేం లేచి క్యాంటీన్‌కి వెళ్తే చరిత్ర కూడా ట్రే పట్టుకుని మా వెనకే వచ్చింది.

ఇక ఇన్‌స్టాల్ చేయడానికి ఎంతసేపు? డెబియన్‌లో ఒక్క లైను కొట్టి టీ తాగి వచ్చేలోగా అయిపోతుంది. అలా అయిపోవడమే ఆయనకి గిట్టదు. ఒక్క ఎర్రరు కూడా రాకుండా పూర్తయితే తెర వంక అనుమానంగా చూసి “ఎక్కడో ఏదో మర్చిపోయాం” అంటాడు.

ఈ విషయంలో గిట్‌వెబ్ ఆయన్ని నిరాశపరచలేదు. అది ఒక పెర్ల్ స్క్రిప్టు. వెబ్ సర్వర్ అపాచీకి సీజీఐ నడపమని విడిగా చెప్పకపోతే, స్క్రిప్టుని నడపాల్సింది పోయి మామూలు ఫైలనుకుని ఉన్నదున్నట్టు వడ్డించేస్తుంది. పేజీ తెరిస్తే గిట్‌వెబ్ తన సొంత సోర్స్ కోడ్‌ని డాలర్ గుర్తులతో సహా తెర నిండా పరిచింది. వరంగల్ నుంచి కొత్తగా చేరిన కుర్రాడు తొంగిచూసి, “సోర్స్ కోడ్ చూపియ్యాలె అన్నరు గదా అన్నా, మంచిగనే చూపిస్తుంది” అన్నాడు. వాడు నిజంగానే మెచ్చుకున్నాడా, ఎకసెక్కమాడాడా అన్నది ఆయనకి అర్థం కాలేదు. మాకూ కాలేదు. గిట్‌వెబ్‌తో తెగతెంపులు మాత్రం ఆ సాయంత్రమే అయిపోయాయి.

దాని స్థానంలోకి సీజిట్ వచ్చింది. ఇది సీ భాషలో రాసింది, చాలా చిన్నది, చురుకైనది. లార్స్ యెమ్లీ మొదలుపెడితే, తరవాత వైర్‌గార్డ్ రాసిన జేసన్ డోనెన్‌ఫెల్డ్ చేతికి వచ్చింది. లినక్స్ కెర్నల్ కోడ్‌ని లోకానికి చూపించేది కూడా ఇదే. “కెర్నల్ వాళ్ళకే సరిపోయింది, మనకి సరిపోదా?” అన్నాడు. కెర్నల్ వైపు చూస్తే వేలమంది చేతులు పెట్టిన కోడు. మా వైపు చూస్తే బస్ టికెట్ల యాపు ఒకటి, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ వసూళ్ళ యాపు ఒకటి, ఎవరూ వాడని పెళ్ళిపత్రికల యాపు ఇంకొకటి. సరిపోయింది.

అపాచీ మీద కోపంతో ఆయన ఈసారి ఎంజిన్‌ఎక్స్ పెట్టాడు. దానికి సీజీఐ నడపడం తెలియదు, మధ్యలో ఎఫ్‌సీజీఐర్యాప్ అని ఇంకొకటి కావాలి. ఆ ఇద్దరూ మాట్లాడుకునే సాకెట్ మీద అనుమతులు కుదరకపోతే 502 బ్యాడ్ గేట్‌వే వస్తుంది. వచ్చింది. ఆయన ముఖం వికసించింది. ఏదైనా పాడైనప్పుడే ఆయనకి తాను అవసరమనిపిస్తుంది. రాత్రి తొమ్మిదింటికి ఇంటి నుంచి ఫోను.

“ఏవండీ, అన్నం పెట్టేయనా?”

“ఒక్క పర్మిషన్ మార్చి బయల్దేరుతున్నానే.”

ఆవిడ అటునుంచి ఏమీ అనకుండా పెట్టేసింది. ఎన్నేళ్ళ కాపురం!

మర్నాడు 502 పోయాక తెల్లటి పేజీ వచ్చింది, అందులో రిపాజిటరీలేవీ దొరకలేదని ఒక ముక్క. రిపాజిటరీలు అక్కడే ఉన్నాయి. కానీ అవి ఒకాయన హోమ్ డైరెక్టరీలో ఉన్నాయి, అందులోకి అడుగుపెట్టే హక్కు వెబ్ సర్వర్‌కి లేదు. “777 కొట్టండి గురువుగారూ, అయిపోతుంది” అని ఎవరో వెనకనుంచి అన్నారు. అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేసే అంకె అది. ఆ మాట చెవిన పడేసరికి మడి కట్టుకున్న మనిషిని తాకినంత పనయింది. లేచి, కుర్చీ వెనక్కి జరిపి, అన్నవాడెవడో వెతికి పట్టుకుని, గ్రూపులంటే ఏమిటో, బేర్ రిపాజిటరీ అంటే ఏమిటో, వాటిని సర్వర్‌లో ఒక పద్ధతైన చోట ఎందుకు పెట్టాలో బోర్డు మీద రాసి మరీ చెప్పాడు. చెప్పింది అక్షరాలా సరైనదే. ఆ మధ్యాహ్నం వెళ్ళాల్సిన రిలీజు వెళ్ళలేదు, అదే బాధ.

అసలు కథ సీజిట్‌ఆర్‌సీ దగ్గరుంది. సెట్టింగులన్నీ రాసే ఫైలది. కోడ్‌కి రంగులు వేసే ఫిల్టరు, రీడ్‌మీ చూపించే ఫిల్టరు, లోగో, శీర్షిక అన్నీ అందులోనే. రిపాజిటరీలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో చెప్పే స్కాన్-పాత్ అనే లైనొకటి ఉంటుంది. దాని పైన రాసిన సెట్టింగులే ఆ రిపాజిటరీలకి వర్తిస్తాయి. కింద రాస్తే ఎర్రరు రాదు, హెచ్చరిక రాదు, పని మాత్రం చేయదు. ఈ సంగతి మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. అయితే పొద్దున లేస్తే అందరికీ “మాన్యువల్ చదవండయ్యా” అని చెప్పే మనిషికి తాను చదివే తీరిక ఎక్కడిది? రంగుల ఫిల్టరుని స్కాన్-పాత్ కింద రాశాడు. కోడు నల్లగా వచ్చింది. రంగులు వేసే పిగ్‌మెంట్స్‌ని అనుమానించాడు, తీసి మళ్ళీ ఎక్కించాడు. పైథాన్‌ని అనుమానించాడు. బ్రౌజర్‌ని, ఆ తరవాత మా మానిటర్లని అనుమానించాడు. ఒక దశలో “నీకూ నల్లగానే కనిపిస్తోందా?” అని అకౌంట్స్ అమ్మాయిని పిలిచి అడిగాడు. ఆ అమ్మాయి జాగ్రత్తగా చూసి “నల్లగానే ఉంది సార్, బాగుంది” అంది.

చివరికి ఆ స్కాన్-పాత్ లైనుని ఫైలు అడుక్కి దించాడు. రంగులు విచ్చుకున్నాయి. ఆయన పెట్టిన కేకకి కింద నుంచి సెక్యూరిటీ గార్డు పరిగెత్తుకొచ్చాడు. ఆ లైను పైనే ఆయన రాసిన కామెంటు ఇప్పటికీ ఉంది: దీని కింద ఎవరైనా ఏమైనా రాస్తే నా మీద ఒట్టు.

రంగులొచ్చాక రిపాజిటరీల జాబితా చదవడానికి తీరిక చిక్కింది. చదివితే ప్రతిదాని పక్కనా ఒకటే మాట: ఇది పేరులేని రిపాజిటరీ, పేరు పెట్టాలంటే ఈ ఫైలు దిద్దండి. కొత్త రిపాజిటరీ తెరిచినప్పుడు గిట్ తనంతట తాను రాసిపెట్టే వాక్యం అది, ఎవరూ ముట్టుకోరు. ఈయన నోట్‌బుక్ పట్టుకుని బల్ల బల్లకీ తిరిగాడు. “నీ ప్రాజెక్టు ఏం చేస్తుందో ఒక్క వాక్యంలో చెప్పు.” అడిగిన చోటల్లా నిశ్శబ్దం. రెండేళ్ళుగా జీతం తీసుకుంటున్నవాళ్ళు కూడా పైకప్పు వంక చూశారు. ఒకడు “పేమెంట్స్” అన్నాడు, ఇంకొకడు “పేమెంట్స్ కొత్తది” అన్నాడు, మూడోవాడు కాస్త ఆలోచించి “ఆ రెండూ కాదు” అన్నాడు. మూడూ అలాగే ఎక్కించాడు. మొత్తం వ్యవహారంలో ఆఫీసుకి నిజంగా పనికొచ్చింది ఈ ఒక్క తిరుగుడే అని నా నమ్మకం. ఏది ఏమిటో అడిగే నాథుడు అంతకుముందు లేడు.

రచయితల పేర్ల దగ్గర ఇంకో చిక్కు. మనవాళ్ళు ఇంటిపేరు ఒక కంప్యూటర్‌లో ముందు రాస్తారు, ఇంకో కంప్యూటర్‌లో వెనక రాస్తారు, మూడోదాంట్లో ఒక్క అక్షరానికి కుదిస్తారు. సర్వర్‌లోకి దూరి కమిట్ చేసిన రోజు రూట్ అయిపోతారు. గిట్ లెక్కలో ఒకే మనిషి నలుగురు. గణాంకాల పేజీ ప్రకారం మా ఆఫీసులో అందరికంటే కష్టపడేవాడు రూట్. ఈ లెక్క చూసి హెచ్చార్‌వాళ్ళు నిజంగానే ఆ రూట్ ఎవరని అడిగారు.

ప్రదర్శన రోజు వచ్చింది. మీటింగు గదిలో పెద్ద తెర, మేనేజరు, బిస్కెట్లు. గురువుగారు లోగో చూపించాడు, కంపెనీ రంగులు చూపించాడు, ఆఖరున బ్లేమ్ పేజీ తెరిచాడు. ప్రతి లైను పక్కనా అది ఎవరి నిర్వాకమో చెప్పే పేజీ. అందరికీ తెలిసిన పాత బగ్గు ఒకటుంది, డబ్బులు రెండుసార్లు కోసే బగ్గు, మూడేళ్ళుగా ఉద్యోగం మానేసి పోయినవాళ్ళ మీదకి తోసేస్తున్నాం. “ఇదెవరు రాశారో ఇప్పుడే చూద్దాం” అని ఉత్సాహంగా కిందికి జరిపాడు. మేనేజరు పేరు వచ్చింది. ప్రమోషనుకి ముందు ఆయన కూడా కోడ్ రాసేవాడని మాకందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చింది. బిస్కెట్ నమిలే చప్పుడు ఆగిపోయింది.

“ఈ బ్లేమ్ అనేది తీసేయడానికి వీలవుతుందా?” అన్నాడు మేనేజరు మెల్లగా.

“మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది సార్,” అన్నాడు స్వయంపాకి గర్వంగా. “నేనే వెతికి ఆన్ చేశాను.”

మర్నాడు అది మళ్ళీ ఆఫ్‌లోకి పోయింది. దాంతోపాటు మేనేజరు ఇంటి నుంచి చూసుకోవాలన్నాడని పేజీని బయటికి కూడా తెరిచారు. చూశాడో లేదో తెలియదు. ఇతరులు మాత్రం చూశారు. యాక్సెస్ లాగ్ తెరిచిన స్వయంపాకి చేతిలో టీ కప్పు వణికింది: గంటకి వేల రాకపోకలు! “చూడండయ్యా, ఎవరూ చూడరన్నారు!” అని ఆ రోజంతా అందరికీ సమోసాలు పెట్టించాడు. సాయంత్రానికి సర్వర్ కూలబడింది. వచ్చినవాళ్ళెవరూ మనుషులు కారు, కృత్రిమ మేధకి చదువు చెప్పడానికి కోడ్ ఏరుకుపోయే క్రాలర్లు. ఇలాంటి పేజీల్లో ప్రతి కమిట్‌కీ, ప్రతి ఫైలుకీ, ప్రతి తేడాకీ వేరే లింకు ఉంటుంది. మనిషి రెండు నొక్కి పోతాడు, క్రాలర్ అన్నీ నొక్కుతుంది. పెళ్ళిపత్రికల యాపు చరిత్రని మొదటి కమిట్ నుంచీ శ్రద్ధగా చదివిన ఏకైక పాఠకుడు అదే.

దీనికి విరుగుడుగా ఆయన అనూబిస్ పెట్టాడు. 2025 మొదట్లో, తన గిట్ సర్వర్‌కి క్రాలర్ల బెడద పడలేక ఒక ప్రోగ్రామర్ రాసిన ద్వారపాలకుడది. వచ్చిన బ్రౌజర్‌కి ముందు ఒక లెక్క ఇస్తుంది, చేస్తేనే లోపలికి పంపుతుంది. క్రాలర్లు వెళ్ళిపోయాయి. మేనేజరు పాత ట్యాబ్లెట్ ఆ లెక్క చేస్తూ చేస్తూ వేడెక్కింది. లాగ్‌లో మిగిలినవి రెండే చిరునామాలు: ఒకటి సర్వర్ బతికే ఉందా అని నిమిషానికోసారి అడిగే ప్రోగ్రామ్‌ది, రెండోది స్వయంపాకిదే.

కొద్దిరోజులు దిగులుగా కనిపించాడు. తరవాత ఒక సోమవారం హుషారుగా వచ్చి, గోగ్స్ అనే ఇంకో గిట్ సర్వర్ నుంచి 2016లో గిటీ ఎలా చీలిందో, 2022లో గిటీ నుంచి ఫోర్‌జేయో ఎలా చీలిందో చెప్పడం మొదలుపెట్టాడు. మేం భోజనానికి లేచాం. శుక్రవారం సాయంత్రం ఆఫీసు మొత్తానికీ ఆయన మెయిలొచ్చింది. సోర్స్ కోడ్ సర్వర్‌ని కొత్తదానికి మారుస్తున్నందువల్ల శనివారం రాత్రంతా అందుబాటులో ఉండదనీ, మీ పనులకు కలిగే తీవ్ర అంతరాయానికి మన్నించమనీ, అత్యవసరమైతే ఏ వేళనైనా తనకి ఫోన్ చేయవచ్చనీ.

జవాబు ఒక్కటే వచ్చింది, హెచ్చార్ నుంచి. “ఏ సర్వరు సార్?”